నాలుగో ఊపిరి

ముందు మీ అమ్మకి చెప్పు, నా చేతులు పట్టుకోవద్దని! పొద్దున్నుంచి ఇది మూడోసారి. మందుల ట్రాలీ దగ్గర ఒకసారి, లిఫ్టు దగ్గర ఒకసారి, ఇప్పుడు చేతులు కడుక్కుంటుంటే వచ్చి ఇంకోసారి. "నా కొడుకుని బతికించావు తల్లీ" అని ఒకటే ఏడుపు. వార్డంతా చూస్తోంది. నేనేం చెయ్యను? సబ్బు చేతులతో అలాగే నిలబడ్డాను.

పంపించేశాలే, మందుల కొట్టుకి. అక్కడ వరస పెద్దది, అరగంట పడుతుంది. పక్క మంచం మొన్నటి నుంచి ఖాళీయే. తలుపు దగ్గరగా వేశాను.

ఏం, చెయ్యి బెల్లు మీదకి పోతోంది? నొక్కితే వచ్చేది నేనే కదా బాబూ.

ఊఁ, ఆ బుసలు ఆపు. దవడ మళ్ళీ కట్టి ఇంకా ఒక రోజు కాలేదు. పై పళ్ళూ కింది పళ్ళూ తీగలేసి బిగించేస్తే ఏం మాట్లాడతావు నువ్వు? విను చాలు. అయిదు నెలలు నేను విన్నాను కదా, నీ బాధ గురించీ, తండ్రి పోయిన కొడుకు ఆవేశం గురించీ. ఇవాళ నీ వంతు.

నాలుగింటికి, నాకు గురువారాలు క్లాసులు చెప్పే కోచ్ మేడమ్ వస్తుంది. నిన్ను కదపడానికి లేదు, తొడ ఎముక అతికేదాకా నీ కాలు ఆ బరువులకి వేలాడాల్సిందే. అందుకని కుర్చీలు ఇక్కడే, నీ మంచం పక్కనే వేయిస్తుందట. కొట్టినవాణ్ణీ దెబ్బలు తిన్నదాన్నీ ఎదురెదురుగా పెట్టి ఇద్దరి మనసులూ బాగుచేస్తుందట. నువ్వు కాగితం మీద రాసింది ఆవిడ పైకి చదువుతుంది. తర్వాత నేనేదో అనాలి. ఏమనాలో చెప్పదు మహాతల్లి, "మీ లోపల్నుంచి రావాలి" అంటుంది. నా లోపల్నుంచి వచ్చేది వింటే కుర్చీ వదిలేసి పరిగెడుతుంది.

అందుకే ముందు నీ దగ్గరికి వచ్చాను.

"ఆ రోజు ఏం చేశానో నాకే తెలీదు, కళ్ళు బైర్లు కమ్మాయి" అని రాశావు. నాకు కమ్మలేదు నాయనా. నాకు అన్నీ గుర్తే. చెప్పనా?

మీ నాన్నని క్యాజువాల్టీకి తెచ్చేసరికే ఒళ్ళు చల్లబడిపోయింది. అయినా ఛాతీ మీద చేతులు పెట్టి ఇరవై నిమిషాలు నొక్కాను. ఆయన పక్కటెముక విరగడం నా అరచేతికి తెలిసింది. డాక్టరు చాలన్నాక కూడా ఇంకో రెండు నిమిషాలు నొక్కాను. ఎందుకో తెలుసా? నువ్వు తలుపు అద్దంలోంచి చూస్తున్నావు. ఆయన కోసం కాదు, నీ కోసం నొక్కాను!

బయటికొచ్చి చెప్పాల్సింది డాక్టరు. ఆయన వెనక తలుపు నుంచి జారుకున్నాడు. సరే, నేనే వచ్చి చెప్పాను. నువ్వు సెలైన్ స్టాండు ఎత్తావు.

మొదటి దెబ్బ చెవి మీద. ఆ చెవి ఇప్పటికీ హోరుమంటుంది, ఫోను ఆ వైపు పెట్టుకోను. రెండోది అడ్డం పెట్టిన చేతి మీద. ముంజెయ్యి రెండు ముక్కలై ఎముక చర్మం కిందనుంచి పొడుచుకొచ్చింది. మూడోది నోటి మీద. రెండు పళ్ళు ఊడి నాలిక మీద పడ్డాయి. ఒకటి ఉమ్మేశాను, ఒకటి మింగేశాను. కింద పడ్డాక కాళ్ళతో తన్నావు, పొట్టలో, నడుంలో. ఎన్నో తెలీదు. అప్పటికి నాకు లెక్కపెట్టడం నేర్పలేదుగా.

మావాళ్ళు ఎక్కడున్నారంటావా? స్టోరు గదిలో దూరి లోపల గడియ పెట్టుకున్నారు, నలుగురు. ఆ గడియ పడ్డ చప్పుడు మాత్రం నాకు పాడైన చెవిలో కూడా వినిపించింది. పనిలో మళ్ళీ చేరిన రోజున బట్టలు మార్చుకునే గదిలో వాళ్ళలో ఒకదాని జుట్టు పట్టుకుని బీరువా తలుపుకేసి కొట్టాను. రెండుసార్లు. నుదురు కడుక్కుని డ్యూటీకి వెళ్ళిపోయింది.

నీ మీద కేసా? "పోనీలేమ్మా, తండ్రి పోయిన దుఃఖంలో చేశాడు" అన్నారు సూపరింటెండెంటుగారు. కుడి చెయ్యి పిండికట్టులో ఉంటే కేసు వద్దని ఎడం చేత్తో సంతకం పెట్టించుకున్నారు. రెండో వాచ్‌మన్‌ని పెట్టమన్నాం. క్యాజువాల్టీకి గట్టి తలుపు పెట్టమన్నాం. ఏం ఇచ్చారనుకున్నావు? మనోధైర్య శిక్షణ! ఎనిమిది గురువారాలు. నోటీసు బోర్డు మీద పువ్వు బొమ్మ కూడా వేశారు.

కొట్టింది నువ్వు. బడికి పంపింది నన్ను.

కోచ్ మేడమ్ మంచిదే, కాదనను. మెత్తటి మనిషి. మొదటి గురువారం తలా ఒక ఎండుద్రాక్ష చేతిలో పెట్టింది. దాన్ని చూడాలట, వాసన చూడాలట, అయిదు నిమిషాల పాటు నెమ్మదిగా నమలాలట. నాకు ముందు పళ్ళు లేవాయె, అది పోయి చిగుళ్ళ సందులో ఇరుక్కుంది. అందరూ కళ్ళు మూసుకుని దేవతల్లా కూర్చుంటే నేను నోట్లో వేలు పెట్టి కెలుక్కుంటున్నాను. "ఏమనిపించింది?" అంది. నొప్పిగా ఉందన్నాను. "ఆ నొప్పిని గమనించండి" అంది. గమనించకుండా ఉంటే కదా తల్లీ!

ఇంకో వారం, కళ్ళు తెరిచి ఎదురుగా కనిపించే అయిదు వస్తువులు చెప్పమంది. భయం వేసినప్పుడు అలా చెబితే మనసు గదిలోకి తిరిగొస్తుందట. తలుపు, కిటికీ, స్టాండు, స్టాండు, స్టాండు అన్నాను. ఆ గదిలో స్టాండే లేదు.

తర్వాత ఉత్తరం. నీకే. పంపక్కర్లేదు, రాసి చింపెయ్యాలి. మూడు పేజీలు రాశాను. నీ వేళ్ళు ఒక్కొక్కటే తలుపు సందులో పెట్టి ఎలా మూస్తానో రాశాను. అదే స్టాండుతో నీ మోకాలి చిప్ప ఎన్ని ముక్కలు చేస్తానో, దాని తర్వాత ఏ ఎముకో. నర్సుని కదా, వరసలో రాయగలను. చదివి ఆవిడ కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. "ఎంత నిజాయితీగా రాశారండీ" అంది. చింపమంది, చింపాను. ఇంటికెళ్ళి కూర్చుని మొత్తం మళ్ళీ రాసుకున్నాను.

ఇల్లు... ఇంటి సంగతి కూడా వింటావా? మా ఆయన ఒక పూట వెనకనుంచి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు, కాఫీ తాగుతావా అని. వెనక్కి చూడకుండానే మోచేత్తో ఒక్కటిచ్చాను. ముక్కు పగిలింది. రక్తం కారుతుంటే రెండు చేతులూ అడ్డం పెట్టుకుని "నేనే, నేనే" అంటున్నాడు పిచ్చి మనిషి. ఆయనే అని తెలిశాక కూడా ఇంకో రెండు వేశాను. ఆఫీసులో తలుపు తగిలిందని చెప్పుకున్నాడు.

మా అమ్మాయికి పదమూడేళ్ళు. ఆ రోజు నుంచి నా గదిలోకి రావాలంటే దగ్గి మరీ వస్తుంది. నడవాలో ఒక దగ్గు, గుమ్మం దగ్గర ఒక దగ్గు. కన్నతల్లి దగ్గరికి రావడానికి! అది దగ్గినప్పుడల్లా నీ గొంతు పిసికి చంపెయ్యాలనిపించేది. నిజంగా. చేతులు వాటంతటవే ముడుచుకునేవి.

నాకు పనిచేసింది ఒక్క ఊపిరే. ఒకటి నుంచి నాలుగు లెక్కపెడుతూ లోపలికి తియ్యి, నాలుగు అంకెలు ఆపు, ఆరు అంకెలు వదులు. అలా మూడుసార్లు. "ఒళ్ళు మండినప్పుడు ఏ పనికైనా ముందు మూడు ఊపిరులు. ఆ తర్వాతే చెయ్యి కదలాలి." అదీ ఆవిడ చెప్పిన మాట. మా పిల్ల గాజు జగ్గు పగలగొట్టిన రోజున చేసి చూశాను. చెయ్యి లేవలేదు. పిల్ల పెంకులు ఏరుకుని వెళ్ళిపోయింది. నేను స్నానాలగదిలో కూర్చుని ఏడ్చాను, సంతోషం పట్టలేక.

ఏడో గురువారం అయిన మర్నాడు నిన్ను తెచ్చారు. బండితో పోయి లారీని గుద్దావు. దవడ రెండు వైపులా, తొడ ఎముక, ఎడం మణికట్టు. "నిన్ను వేరే వార్డుకి మార్చనా?" అని అడిగింది పెద్ద సిస్టర్. వద్దు మేడమ్, చూసుకుంటానన్నాను. నా గుండెధైర్యానికి ఆవిడ మురిసిపోయింది. ధైర్యం ఏం కాదు. నువ్వు లేవలేకుండా పడి ఉంటే చూడాలనిపించింది, దగ్గర్నుంచి, రోజూ.

చూశాను. గొట్టంతో పాలు పట్టాను, ఒళ్ళు తుడిచాను, నీ కింద బెడ్‌పాన్ పెట్టాను, తీశాను. గిల్లలేదు, గిచ్చలేదు. నన్ను గుర్తుపట్టి మొహం గోడవైపు తిప్పుకున్నావు చూడు, అప్పుడు మాత్రం సూది కాస్త మొరటుగా దించాను. కాస్తే.

ఇక నిన్నటి సంగతి.

దవడ కట్టిన ప్రతి మంచానికీ తలవైపు ఒక కట్టర్ వేలాడదీస్తాం. ఎందుకో నీకెవరైనా చెప్పారా? వాంతి వస్తే అని. నోరు తెరుచుకోదు, వచ్చింది బయటికి పోయే దారి లేదు, ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. తీగలు వెంటనే తెంపాలి. కొత్తగా చేరిన ఆడపిల్లలకి ఈ పాఠం చెప్పేది నేనే. ముందు తెంపండి, తర్వాత డాక్టర్ని పిలవండి అని ఎన్నిసార్లు అరిచి చెప్పానో.

పదింటికి నీ బెల్లు మోగింది. మీ అమ్మ ఎక్స్‌రేల కోసం కిందికి వెళ్ళింది. నేను వచ్చేసరికి పాలు నీ పళ్ళ సందుల్లోంచి బుడగలు బుడగలుగా వస్తున్నాయి, ముక్కులోంచి కారుతున్నాయి. కాలు కట్టేసి ఉంది, పక్కకి తిరగలేవు. కనుగుడ్లు బయటికొచ్చాయి. నీ మెడ నువ్వే రక్కుకుంటున్నావు. ఇవిగో, ఈ గీతలు. నేను కట్టర్ తీసి చేత్తో పట్టుకున్నాను.

ఒళ్ళు మండింది. నేర్చుకున్నదే చేశాను.

నాలుగు అంకెలు లోపలికి. ఆపాను. ఆరు అంకెలు బయటికి.

నువ్వు నన్నే చూస్తున్నావు. కట్టర్ కోసం చెయ్యి చాపావు. నేను ఒక అడుగు వెనక్కి వేశాను. రెండోది తీశాను. నీ పెదాలు నీలంగా తిరిగాయి. మంచం గడగడలాడింది, కాలి బరువులు కింద ఇనప కడ్డీకి కొట్టుకున్నాయి. మూడోది తీశాను. ఎంత చక్కగా వచ్చిందో తెలుసా! అయిదు నెలల తర్వాత గుండెల నిండా గాలి. భుజాలు దిగాయి. చెవిలో హోరు ఆగిపోయింది. ఇన్ని గురువారాల్లో ఒక్కరోజు కూడా నాకు అంత హాయిగా లేదు.

మూడు అయిపోయాయి. ఇక తెంపాలి కదా?

ఆ మూడూ ఆవిడ నేర్పినవే అనుకో, ఆవిడ నెత్తిన రుద్దెయ్యొచ్చు. నాలుగోది కూడా తీశాను. అది నాది.

తర్వాత చకచకా తెంపాను, నాలుగు చోట్ల. దవడ లాగి, మెడ తిప్పి, పాలు పీల్చేసే సక్షన్ గొట్టం దించాను. డాక్టరు పరిగెత్తుకొచ్చాడు. "ఇంకొక్క క్షణం ఆలస్యమైతే పోయేవాడు, శభాష్" అన్నాడు. పెద్ద సిస్టర్ వాటేసుకుంది. కోచ్ మేడమ్‌కి ఫోన్‌లో చెబితే ఏడ్చేసిందట. వచ్చే వారం నుంచి కొత్త బ్యాచ్‌కి నా సంగతే పాఠంగా చెబుతుందట. ఫోటో అడిగింది.

వాళ్ళంటే చూడలేదు. నువ్వు చూశావు కదా! కళ్ళారా చూసి "నేను ఆవిడ చెయ్యి విరిచాను, ఆవిడ నా ప్రాణం కాపాడింది" అని ఎలా రాశావు? భయపడి రాశావా? ఇంకా ఆరు వారాలు నా చేతుల్లో పడి ఉండాలి అనా? లేకపోతే, పాపం ఆవిడ కంగారులో కాళ్ళూ చేతులూ ఆడక నిలబడిపోయింది అనుకున్నావా? తల ఊపకు. ఏదైనా నాకొద్దు.

చెయ్యి విరిచాను అన్న ముక్క ఉంచు. అది నాకు కావాలి. నలుగురి ముందూ వినాలి. అయిదు నెలలుగా ఆ ఒక్క ముక్క కోసమే బతుకుతున్నాను, సిగ్గులేకుండా చెబుతున్నాను. రెండోది మాత్రం కొట్టెయ్యి. దాంతో నేను ఇంటికి పోలేను. నిన్న డ్యూటీ దిగి వెళ్ళేసరికి మా ఆయన ఎవరి ద్వారానో విని మా అమ్మాయికి చెప్పేశాడు. అది పరిగెత్తుకుంటూ నా గదిలోకి వచ్చేసింది. దగ్గలేదు! వచ్చి నా నడుం చుట్టూ చేతులేసి, "నిన్ను కొట్టినవాణ్ణి నువ్వు కాపాడావా అమ్మా?" అంది. ఏం చెప్పమంటావు దానికి? తల నిమిరాను.

పోనీ, జరిగింది జరిగినట్టు రాస్తావా? రాయి. ఇదిగో పెన్ను, నీ కుడి చెయ్యి బాగానే ఉంది. నా ఉద్యోగం పోతుంది, ఇంకా ఏమేం పోతాయో పోతాయి. కాదనను. కింద సంతకం కూడా పెడతాను.

అదేంటి, కళ్ళ నీళ్ళెందుకు? ఎలాగైనా చివరికి తెంపింది కదా, మనసు కరిగింది కదా అనా?

అబ్బే. నడవాలో ఆయా చెప్పుల చప్పుడు వినిపించింది. బకెట్టు ఈడ్చుకుంటూ ఇటే వస్తోంది. ఎవరో చూస్తారని తెంపాను. ఆవిడ ఆ పూట పక్క వార్డు ముందు తుడుచుకుని ఉంటే ఎన్ని లెక్కపెట్టేదాన్నో నాకు తెలీదు బాబూ. అప్పటికి అయిదోది మొదలుపెట్టేశాను.