మూఢంలో స్వాధీనం

మాదాపూర్‌లో అద్దాల టవరు లేచిన ఏడాది, నానక్‌రామ్‌గూడలో ఒక కొత్త ఇంటి గడప ముందు బ్యాంకు ఆఫీసరు కోర్టు కాగితమూ, కొత్త తాళంకప్పా పట్టుకొని నిలబడ్డాడు. ఆ ఇంటి మీద అప్పు తీసుకుని, ఏడాదిగా వాయిదాలు కట్టలేకపోయిన ఇల్లాలు పక్కనే రేకుల షెడ్డు ముందు కూర్చుని బియ్యం ఏరుతోంది.

“సామాన్లు తీసేశారామ్మా? గదులన్నీ చూసి తాళం వేయాలి. ఇవాళ్టి నుంచి ఇల్లు బ్యాంకు స్వాధీనం.”

“లోపల పెడితే గద సారూ తీసేది! మూఢం నడుస్తుందని పాలే పొంగియ్యలె. మేం షెడ్లనే ఉంటున్నం.”

గడప దాటబోయిన అతని కాలు గాలిలోనే ఆగిపోవడం ఆమె చూసింది.

“అయితే ఇంకా ఎవరూ గృహప్రవేశం చెయ్యలేదా?”

“మీరే మొదలు. రాండ్రి, కుడికాలు వెట్టుండ్రి.”

“నా కోసం కాదమ్మా, బ్యాంకు తరఫున వెళ్తున్నాను.”

“బ్యాంకుకు కాళ్లున్నయా సారూ? కాలు మీదే గద.”

ఆఫీసరు కాలు వెనక్కి తీసుకున్నాడు.

“మా ఆవిడకి తొమ్మిదో నెలండి.”

“అయ్యో, గట్లయితే అసలే వద్దు.”

“మూఢం ఎప్పుడు వెళ్తుందో?”

“ఇంక నలభై రోజులున్నదట. పోంగనే మేం పాలు పొంగిస్తం. ఎనక మీరొస్తే ఏ దోషం రాదు.”

“అవునండి, ముందు మీరు చేరడమే మంచిది. ముహూర్తం పెట్టుకోగానే కబురు చెయ్యండి.”

అప్పటిదాకా పిడికిట్లో బిగించిన బియ్యాన్ని ఆమె చాటలోకి వదిలింది.

“సారూ, ఆ తాళంకప్ప జర ఇచ్చి పోండ్రి. మేమింక కొననే లేదు.”

“తీసుకోండి. తాళంచెవులు రెండున్నాయి, జాగ్రత్త.”