అక్రోటు చెట్టుకు పూచీ

ఇలా నా పక్కకు జరిగి కూర్చోండి, రొట్టెల పొయ్యి ఇంకా వెచ్చగానే ఉంది. ఇది మర్గిలాన్‌లో సలోమత్ ఇంటి ముంగిట్లో, వసంతంలో వచ్చే నవ్రూజ్ పండక్కి పది రోజుల ముందు జరిగిన సంగతి. ముంగిలి మధ్యలో వాళ్ల నాన్న నాటిన అక్రోటు చెట్టు ఉంది. దాని మీదున్నవాడు ఆవిడ తమ్ముడు మిర్సోలి, ఊళ్లోవాళ్ల చెట్లకు కొమ్మలు కొట్టి, తోటలు వేసి బతికే ఉస్తా, అంటే పనిలో ఆరితేరినవాడు. కింద తాడు పట్టుకున్నవాడు ఇరవై రెండేళ్లుగా అతని జతగాడు ఘోఫిర్. ఇక వాళ్ల మాటలే వినండి.

"తాడు వదులు, ఘోఫిర్! వదులంటుంటే బిగిస్తావేంట్రా? నన్నేమన్నా జెండా అనుకున్నావా, ఇక్కడే ఎగరేసి ఉంచడానికి?"

"వదిలా, ఉస్తా. దిగు."

"ఇంకాస్త... ఆఁ... ఇంకాస్త. చాలు, కాలు ఆనింది. పొద్దున బడి దగ్గర చినార్ చెట్టు మీదా ఇదే వరస. నేనొకటంటే నువ్వొకటి లాగుతున్నావ్. ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉంది."

"తమ్ముడూ, టీ పోశాను, వచ్చి కూర్చో. ఘోఫిరూ, నువ్వూ రారా, రొట్టె తుంచుకో. ఊఁ, చెప్పు. ఎలా ఉంది చెట్టు? పోయినట్టేగా?"

"అప్పుడే పోయిందనకక్కా దాన్ని. కొసలు ఎండాయి, నిజమే. ఎండినవన్నీ కోసి పడేశా, చూడు ఎంత కుప్పయిందో. కానీ పెద్ద కొమ్మల మీద బెరడు గీకి చూశా. లోపల పచ్చగా ఉంది, తడి ఉంది."

"పచ్చగా ఉంటే ఏం చేసుకోనురా? మూడేళ్లయింది ఒక్క కాయ రాలి. నాన్న ఉన్నప్పుడు ఆరు బస్తాలు దింపేవాళ్లం."

"ఏడు."

"ఏడే అనుకో. ఇప్పుడు ఎండాకులు తప్ప ఏం రాలుతున్నాయి? ఊడ్చలేక నా నడుం పోతోంది. నాన్న పోతూ ఏమన్నాడు? కాసినన్నాళ్లు దీనికి గొడ్డలి తగలనివ్వద్దన్నాడు. కాయడం మానేశాక కూడా కాపలా కాయమన్లేదు. శనివారం పెద్ద రంపం పట్టుకురా."

"శనివారమా?"

"సెప్టెంబర్లో మావాడు ఇస్కందర్ పెళ్లి. కోడల్ని తెచ్చి ఎక్కడ పడుకోబెట్టను, కోళ్ల గూట్లోనా? నాలుగేళ్లుగా వేద్దామనుకుంటున్న రెండు గదులు ఇక్కడే వేస్తున్నా. మేస్త్రీ సోమవారం పునాది తీస్తానన్నాడు."

"అబ్బో, మేస్త్రీతో కూడా మాట్లాడేశావా?"

"మాట్లాడక? మేస్త్రీలు దొరుకుతున్నారా ఈ రోజుల్లో?"

"అక్కా, నేను ఊళ్లో ఇన్ని చెట్లు కొట్టాను గదా, బెదిరించకుండా ఒక్కదాన్నైనా కొట్టానా? కాసే చెట్టును నరికితే పాపం. కాస్తుందో కాయదో తేల్చుకోకుండా నరికినా పాపమే. ఇవాళ దీన్ని బెదిరిద్దాం. దానికీ ఒక అవకాశం ఇద్దాం. ఈ పంటకీ కాయలేదనుకో, నేనే కూలుస్తా, వేళ్లతో సహా. నాన్న మీద ఒట్టు."

"పంటంటే సెప్టెంబరు! పెళ్లీ సెప్టెంబరే!"

"రెండు గదులు పెరట్లో వేసుకో. దొడ్డి గోడ నేను పడగొట్టిస్తా. ఒరేయ్ ఘోఫిర్, లే. గొడ్డలి నాకిచ్చి నువ్వు చెట్టుకి ఆనుకుని నిలబడు."

"ఇవాళ వద్దులే, ఉస్తా."

"ఏం?"

"గొంతు బాలేదు."

"గొంతెందుకురా, పెళ్లిలో పాడమన్నానా నిన్ను? నేను నరుకుతానంటా. నువ్వు ఆగమంటావ్, వచ్చే పంటకి కాస్తుంది నేను పూచీ అంటావ్. అయిపోయె."

"మంగళవారం గదా."

"పోయిన వారం మా'రూఫా ఇంట్లో దానిమ్మకి పూచీ పడ్డావే, అప్పుడేం వారం? మంగళవారమే! చెట్టుని వాటేసుకుని మీ అమ్మమ్మ పోయినట్టు ఏడ్చావ్. ఆవిడ నిజంగానే కొట్టేస్తున్నాననుకుని నా చేతిలో గొడ్డలి లాక్కుంది."

"రెండు రొట్టెలు కూడా ఇచ్చింది."

"ఇచ్చిందిగా? మా అక్క ఇవ్వదని భయమా?"

"ఏంట్రా ఆ పిల్లాటలు, యాభై దాటినవాళ్లు? చెట్టుకి చెవులుంటాయా? వదిలెయ్ తమ్ముడూ, వాడికి ఇష్టం లేదంటుంటే. టీ చల్లారిపోతోంది."

"పిల్లాటలా? అక్కా, నువ్వే అంటున్నావా ఆ మాట? నాన్న గొడ్డలెత్తితే ఇదే చెట్టుకి అడ్డంపడింది ఎవరు? జడలు ఊడిపోయేలా ఏడ్చింది ఎవరు? నాకు ఆరేళ్లు, ఆ గుమ్మంలో నిలబడి చూశా."

"చిన్నపిల్లని. ఏడవమన్నారు, ఏడ్చా."

"ఆ ఏడు కాసింది గదా."

"వానలు పడ్డాయి, కాసింది."

"సరే, వాడికి గొంతు బాలేకపోతే నువ్వే నిలబడు. నీకంటే పూచీ ఎవరు పడతారు దీనికి?"

"నాకు పొయ్యి మీద పలావుంది. మాంసం మాడిపోతుంది."

"మరి నువ్వే లేరా, ఘోఫిర్. ఇంత బతిమాలించుకుంటావేం ఇవాళ? తొందరగా కానివ్వు. మధ్యాహ్నం హోటలు ముందర గులాబీలు నాటాలి, వేళ్లు ఎండిపోతున్నాయి బండిలో."

"సరే, నిలబడతా."

"ఆఁ, అలా నిలబడు. ఓ చెట్టూ! వింటున్నావా? మా నాన్న వీధి కాలవ నుంచి బకెట్లతో నీళ్లు మోసి పోశాడు నీకు. మూడేళ్లుగా తిని కూర్చుంటున్నావ్. ఇక చాలు. నరికేస్తున్నా! ఇదిగో, ఒక దెబ్బ! అడ్డం పడేవాళ్లెవరైనా ఉన్నారా? ... ఘోఫిర్. అనాలి. ఇదిగో, రెండో దెబ్బ! దీనికి దిక్కెవరూ లేరా? ఒరేయ్, అను! దిక్కులు చూస్తావేం?"

"అనలేను, ఉస్తా."

"ఏం అనలేవు?"

"పూచీ అనలేను. చెట్టుని ముట్టుకుని అబద్ధం ఆడకూడదు. ఆడితే ఇన్నాళ్లూ నేను పూచీ పడ్డ చెట్లన్నీ ఎండిపోతాయంటారు. నాలుగొందల ఇళ్లల్లో పడ్డాను."

"అబద్ధమెందుకవుతుందిరా? కాస్తుందని నేను చెప్తున్నా. ఇప్పుడే పైన చూసొచ్చా."

"పైన చూశావ్. కింద చూశావా?"

"కింద నేనెందుకు చూస్తా? కింద నువ్వున్నావ్. కొమ్మ నాది, వేరు నీది. నువ్వు చూస్తే నేను చూసినట్టే గదా."

"ఇవాళ నువ్వే చూడు."

"ఏముందని?"

"ఆ పారతో మూరెడు లోతు తీసి, మట్టి నాలిక మీద పెట్టుకో."

"ఛీ! మట్టి నాకడమేంటి? ఘోఫిరూ, నీకేమన్నా మతిపోయిందా? తమ్ముడూ, లే, మోకాళ్లు తడిసిపోతాయ్. వీడికి నిజంగానే జ్వరమొచ్చినట్టుంది."

"ఉండక్కా. ఒక్క నిమిషం... థూ!"

"తమ్ముడూ..."

"థూ! ఉప్పు. ఉప్పగా ఉందేంట్రా ఇది? చవుడు పైకొచ్చిందా?"

"చవుడైతే పైనే తెల్లగా పేరుకుంటుంది. ఇది లోపల ఉంది."

"మరి?"

"చెట్టు చుట్టూ పన్నెండు గుంతలు. అన్నిట్లోనూ ఉప్పే."

"గుంతలెవరు తీశారు?"

"నేనే."

"పరాచికాలాడకు."

"ఆడట్లేదు."

"నువ్వు. గుంతలు. మా నాన్న చెట్టుకి."

"నేనే, ఉస్తా."

"ఎప్పుడు?"

"నీ కాలు విరిగి ఫెర్గానా ఆసుపత్రిలో ఉన్నావే, ఆ శీతాకాలం మొదటిసారి. తరవాత మళ్లీ రెండు శీతాకాలాలు."

"నేను ఆసుపత్రిలో ఉంటే రోజూ వచ్చేవాడివి. నాకు సూప్ తెచ్చేవాడివి."

"తెచ్చేవాణ్ణి."

"వేళ్లెలా ఉన్నాయిరా అని పైనుంచి అడిగితే, బాగున్నాయి ఉస్తా అనేవాడివి."

"అనేవాణ్ణి."

"ఆకుల అంచులు మాడితే నీళ్లు మంచివి కావన్నావ్. కొత్త మట్టి పోద్దామన్నావ్. పది బళ్ల మట్టి! విరిగిన కాలేసుకుని నేను మోశానురా ఆ మట్టి!"

"మోశావ్."

"దాని కింద ఉప్పు."

"ఊఁ."

"ఊఁ అంటాడు చూడు! ఎందుకురా? నిన్నే! ఎవరైనా చేయమన్నారా?"

"ఎవరూ లేరు. నేనే చేశా."

"ఎందుకు చేశావ్? ఊళ్లో నన్ను ఉస్తా అంటారు, నిన్ను తాడు ఘోఫిర్ అంటారు, అదా నీ బాధ?"

"అదే అనుకో."

"అనుకో ఏంట్రా, అనుకో? అదేనా కాదా?"

"అదే."

"నీ పెళ్లికి మీవైపు పెద్దదిక్కు లేకపోతే మా అక్క నిలబడింది. నీ పెళ్లాం పురిటికి అర్ధరాత్రి మంచులో నడిచొచ్చింది. నీ పెద్దకూతురికి పేరు పెట్టింది ఆవిడ. ఆవిడ ముంగిట్లో ఉప్పు పోశావా? ఆ రొట్టె నీకెలా దిగిందిరా గొంతులోకి?"

"అక్క చేసింది నేనెప్పుడూ మర్చిపోలేదు."

"తమ్ముడూ, ఇక చాలు. అరవకు. పక్కింటివాళ్లు వింటారు."

"విననీ! ఊరంతా విననీ! ఇరవై రెండేళ్లు ఆ తాడుకి వేలాడానక్కా నేను. అటు కొసన వీడున్నాడని ఒక్కరోజు కిందకి తొంగి చూసుకోలేదు."

"నేనూ ఒక్కరోజు వదల్లేదు, ఉస్తా."

"వదిలినా బాగుండేది. నేనొక్కణ్ణే పోయేవాణ్ణి."

"అలా అనకు."

"ఆ తాడు ఇటివ్వు."

"ఇదిగో."

"నడుం బెల్టు. చిన్న రంపం. ఆ పార నీది, పట్టుకుపో."

"రేపు నీకు కరెంటు తీగల మీదకి వాలిన పాప్లర్ చెట్టు ఉంది. కింద మనిషి లేకుండా ఎలా ఎక్కుతావ్?"

"నీకెందుకు?"

"కొమ్మ తీగల వైపు పడితే..."

"నీకెందుకంటుంటే! వెళ్లు."

"ఉస్తా, గులాబీల వేళ్లకి తడిగోనె కప్పు. ఎండ ఎక్కుతోంది."

"ఉస్తా అనకు నన్ను. వెళ్లు."

"వస్తా, సలోమత్ అక్కా."

"వెళ్లిరా, నాయనా."

"నాయనా ఏంటక్కా వాణ్ణి? నాన్న చెట్టుని చంపినవాణ్ణి పట్టుకుని నాయనా అంటావా?"

"వెళ్లిపోయాడుగా. తలుపు వేశాడు. ఇక కూర్చో నువ్వు."

"ఎలా కూర్చోనక్కా? వాడు చచ్చిపోయాడని చెప్పినా ఇంత బాధ ఉండేది కాదు."

"కాస్త టీ తాగు."

"అక్కా, నన్ను క్షమించు."

"నువ్వెందుకురా?"

"వాణ్ణి ఈ ఇంట్లోకి తెచ్చింది నేనే గదా. నా తమ్ముడిలాంటివాడన్నా. నీ చేత అన్నం పెట్టించా. నాన్న నీకు చెట్టు అప్పజెప్తే, దాని వేరు తీసుకెళ్లి దొంగ చేతిలో పెట్టా. నీ ముఖం ఎలా చూడనక్కా?"

"అలా మాట్లాడకు."

"ఈ మట్టంతా తోడేస్తా. కాలవ తిప్పి, ఉప్పు దిగిపోయేదాకా నీళ్లు పారిస్తా. పనులన్నీ మానుకుని వేసవంతా ఇక్కడే పడుంటా. పచ్చ ఉందక్కా లోపల, నా కళ్లతో చూశా. నీ చెట్టు బతికించి నీకిస్తా."

"వద్దురా."

"ఎందుకొద్దు?"

"వద్దంటున్నాగా. క్షమించమని నన్నడక్కు. ఇంకెప్పుడూ అడక్కు."

"అడక్కుండా ఎలాగక్కా? పన్నెండు గుంతలు, మూడు శీతాకాలాలు! ఎంత ఉప్పు మోసుంటాడు ఆ దొంగ! అంత ఉప్పు వీధిలోంచి మోసుకొస్తుంటే ఒక్కరూ చూడలేదా? నువ్వు ఇంట్లోనే ఉన్నావు గదా?"

"ఉన్నా."

"నీ కంటపడలేదా, అక్కా?"

"వాడు గుంతలే తవ్వాడు, తమ్ముడూ. ఉప్పు పోసింది నేను."

ఆ చివరి మాట ఆవిడ చేతిలోని టీ గిన్నెలోకి చూస్తూ, పక్కనున్నవాళ్లకు మాత్రమే వినిపించేంత మెల్లగా అన్నది. గుర్తుపెట్టుకోండి. రేపు మీరు మీవాళ్లకు చెప్పేటప్పుడు కూడా అంత మెల్లగానే చెప్పండి. ఆవిడ అరిచిందని మాత్రం చెప్పకండి.