బర్రె లేని ఇంటి పద్యం

ఫోటోకు దండేసినంక గూడ గట్లనే నవ్వుతవేందే, కౌసల్యా? నవ్వు, నవ్వు. నిన్న నీ దినాల కాడ నేను జేసిన పనికి నవ్వకేం జేస్తవు!

మన కొల్లాపూర్ల ఎవరు వోయినా పద్యానికి నా తానికే వస్తరాయె. పదో తరగతి తప్పి మగ్గం నేసెటోన్ని, ఎవలన్న "కవి ఐలేశం" అంటె సాలు, చెప్పులిడిసి ఉరుకుత. నువ్వేమో మగ్గానికి దారం కండెలు చుట్టుకుంట ఎక్కిరిస్తుంటివి: "పేరొక్కటే కొత్తది, తక్కినదంత పోయినేడుదే!"

నీకు మాత్రం కొత్తది రాద్దామనుకున్ననే. ఒట్టు. తొమ్మిది దినాలు కాయితం ముందటేసుకొని కూసున్న. "ఓ కౌసల్యా" అని రాస్త. ఆడనే ఆగిపోత. ఎన్ని కాయితాలు జూసినా నీ పేరే, ఇగ ఏం లేదు.

నిన్న మన శ్రవణ్‌కుమార్ మైకు దెచ్చి మూతికాడ వెట్టె. "సదువు బాపూ" అనె. మందంత జూస్తున్నరు. జేబులున్నది దీసిన. గండయ్య పటేల్ పెండ్లాం వెంకటనర్సమ్మ వోయినప్పుడు నేను రాసిన పద్యం. జేబుల ఎందుకుండె అంటవా? పొద్దున నేనే వెట్టుకున్న.

పేరు మార్చి సదివిన. "పొద్దుగాల పాలు పిండిన చేతులు, వేళ్ల సందుల నురగ ఆరని చేతులు..."

మనింట్ల బర్రె ఏడున్నదే? మేకపిల్ల గూడ లేకపాయె! అయినా అందరు ఏడ్సిరి. నీ చెల్లె శ్రీలత నోట్లె కొంగు కుక్కుకునె. ఒక్కరన్న "ఐలేశం, బర్రె ఎక్కడిది?" అనకపాయిరి. పిలగాడు గా పద్యం ఫోన్ల వెడితే పొద్దటిసంది దండాలే దండాలు.

ముందటి కుర్సీల గండయ్య పటేల్ కూసున్నడు. ఇగ ఇజ్జత్ వాయె అనుకున్న. లేసొచ్చి నా చెయ్యి వట్టుకునె. "మా ఆమె మల్ల కండ్ల ముందటికొచ్చింది, ఐలేశం" అనె. తిట్టినా బాగుండు.

గా పద్యం అబద్ధం గాదే. పటేలింటికి పాలకు వోయినప్పుడల్ల వెంకటనర్సమ్మ చేతులు జూస్తుంటి. జూసిన గనుకనే రాసిన.

మరి నువ్వో? మగ్గం మీద దారం అయిపోంగనే చెయ్యి ఎనకకు చాపి "కండె" అంటుంటి. నువ్వు చుట్టిన కండె వచ్చి చేతుల వడుతుండె. ముప్పై ఎనిమిదేండ్లు. ఇయ్యాల పొద్దున గూడ చెయ్యి చాపిన.

నవ్వుతె నవ్వు గని, నీ చేతులు ఎట్లుండెనో నాకు యాదికొస్తలేదే. ఒక్కపారన్న ఎనకకు మర్లి జూడకపోతి.