నార్మలేనండీ, మార్తమ్మ గారూ!

1993 జూలై ఐదవ తేదీన గుడివాడ ఆసుపత్రిలో ఇ.సి.జి. టెక్నీషియనుగా ఉద్యోగ జీవితాన్ని ఆరంభించిన శ్రీమతి మార్తమ్మ గారు, ఈ మాసాంతాన మన బందరు ఆసుపత్రిలో పదవీ విరమణ చేస్తున్నారు.

అనంతరం అవనిగడ్డలో పనిచేసిన కాలంలో, దివిసీమ రైతుల నింపాది గుండెలను చూసి, గుండె నిమిషానికి అరవై నుండి వంద సార్లు కొట్టుకోవాలనే కొలత అందరికీ ఒకే రీతిగా అతకదనీ, ఊపిరి పీల్చినప్పుడు ఒకింత వేగం, విడిచినప్పుడు ఒకింత నెమ్మది కావడం సహజమేననీ వైద్యులనడిగి తెలుసుకున్నారు. భయంతో బిగుసుకుపోయిన రోగులతో, "ఫొటో లాంటిదే బాబాయ్, కాకపోతే నవ్వక్కర్లేదు!" అనేవారు. వారు ఫక్కున నవ్వేవారు, ఒళ్ళు కదిలి మిషను గీసే గీతలు చెదిరేవి, ఆమె మళ్ళీ తీసేవారు.

బందరుకు వచ్చాక, మిషను సరిగా గీస్తోందో లేదో చూడడానికి ప్రతి ఉదయం తామే బల్లపై పడుకోవడం ఆమెకు అలవాటైంది. తీగలు తగిలించే బాధ్యత సహోద్యోగిని కల్పన గారిది.

భర్త జీవానందం గారు కాలం చేసిన నాటి నుండి, సంతానం లేని ఆ ఇంటి తాళం తీసిన ప్రతి సాయంత్రం ఆమెకు గుండె దడదడలాడేది. ఉదయం మిషను ముందు మాత్రం అంతా సవ్యమే! ఏదో పెద్ద జబ్బేనని బెంగపడుతూ కూడా నోరు మెదపలేదు, పాపం. చివరకు ఆ బెంగను పసిగట్టిన కల్పన గారే పట్టుపట్టి, రోజంతా గుండె లయను నమోదు చేసే చిన్న పెట్టెను తగిలించి ఇంటికి పంపారు.

మర్నాడు డాక్టర్ మధుసూదనరావు గారు ఆ గీతలు చూసి, "ఇంటికెళ్ళిన వేళ కాస్త వేగం పెరిగింది గానీ లయ తప్పలేదు. నార్మలేనండీ, మార్తమ్మ గారూ!" అన్నారు.

"నార్మలంటే బాగున్నట్టేనా అండీ? జబ్బయితే ఏదో ఒక మాత్రయినా ఉండేది కదా," అన్నారామె.

గత వారం బల్లపై పడుకుని, "సాయంత్రాలు ఎలాగూ పోయాయి, ఇక పొద్దున్నలు కూడానా? వచ్చే నెల నుంచి నన్నెవరు చూస్తారే?" అని కల్పన గారిని అడిగారు. ఆ రోజు ఆమె నవ్వలేదు. అయినా గీతలు చెదిరాయి.

మార్తమ్మ గారు సంపూర్ణ ఆరోగ్యంతో, మనశ్శాంతితో నిండు నూరేళ్ళు వర్ధిల్లాలని సిబ్బంది యావన్మందీ హృదయపూర్వకంగా ఆకాంక్షిస్తున్నారు. విరమణ తర్వాత కూడా ఉదయం మిషను పరీక్షకు ఆ బల్ల మీద ఇంకొకరిని పడుకోబెట్టేది లేదనీ, మార్తమ్మ గారు వచ్చేదాకా తీగలు పట్టుకుని నిలబడతాననీ కల్పన గారు తేల్చి చెప్పారు.