విజయేందర్ లేపిన విమానం

ఆదివారం పొద్దున అమీర్‌పేట్ గల్లీల సత్తెమ్మ చాయ్ బండి కాడ విజయేందర్ కూసున్నడంటే, లేసి పోయేటోడు సుత ఇంకో చాయ్ చెప్తడు. ఆయన ఎయిర్‌పోర్టుల విమానాలకు సామానెక్కిస్తడు. క్రికెట్ టీమ్‌లు తమ ఒక్కల కోసమే మాట్లాడుకునే స్పెషల్ విమానాలైతే ఆయనకు మస్తు ఇష్టం.

ఆ దినం బెంచీ మీద కొత్త మనిషి ఉన్నడు. యూసుఫ్‌గూడల కిరాయికి దిగిన ఆషెర్. కొత్త చెవులు దొరికేసరికి విజయేందర్‌కు పానం లేచొచ్చింది.

మొదలు చిన్నగనే పెట్టిండు. పోయిన ఏప్రిల్‌ల ఒక టీమ్ బెంగళూరు పోవాలె, డెబ్బై కిట్ బ్యాగులు తనొక్కడే ఎక్కించిండు, తలుపేసినంక చూస్తే వికెట్ కీపర్ బ్యాగు కిందనే ఉన్నది. గంతవరకు నమ్మొచ్చు.

"ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా?" అని గ్లాసు పక్కన పెట్టిండు.

విమానం కదిలిందట. తను సామాన్ల ట్రాక్టర్ మీద వెంటబడ్డడట. పక్కకొచ్చి బ్యాగు విసిరితే కిటికీలకెళ్లి పోయి సక్కగ కీపర్ ఒళ్లె పడ్డదట. విమానం కిటికీలు తెరుచుకోవు కదరా అని పక్క దుకాణం టైలర్ రాజనర్సయ్య అడిగిండు. స్పెషల్ విమానానికి కిటికీలు సుత స్పెషలే బాపూ అని చెప్పి ఆగకుంట ముందుకు పోయిండు. ఫాస్ట్ బౌలర్లందరు ఒకే దిక్కు కూసునేసరికి విమానం ఒరిగిందట, తను రెక్క కింద భుజం పెట్టి లేపిండట, అది లేసింది, తను రెక్క పట్టుకొనే ఉన్నడు, పంజగుట్ట మీదికెళ్లి పోతుంటే డాబా మీద తన ఇంటామె వనిత బట్టలారేస్తున్నది, మాపటికి నాకు అన్నం వండకు, బెంగళూరుల తింటనని కేకేసి చెప్పిండట. ఆఖరుకు మబ్బులకు కాళ్లు తన్నిపెట్టి బ్రేకేసి దింపితే, కెప్టెన్ వచ్చి రేపు ఓపెనింగ్ నువ్వే దిగాలె భాయ్ అన్నడట. డ్యూటీ ఉందని తనే ఒద్దన్నడట.

ఆషెర్ గ్లాసు కింద పెట్టిండు.

"అన్నా, గా దినం విమానం లేవనే లేదు. వడగండ్ల వాన. టీమ్‌ను బెంగళూరు తీస్కపోయిన బస్సు నేనే నడిపిన."

సత్తెమ్మ చేతిల చాయ్ జల్లెడ ఆగింది. రాజనర్సయ్య నవ్వాపుకోలేక దగ్గు తీసిండు. విజయేందర్ చెవులు ఎర్రబడ్డయి. ఇంక ఈ బెంచీ మీద తన మాట ఎవడు వింటడనుకున్నడు.

ఆషెర్ ఆయన మొఖమే చూస్తున్నడు.

"రెక్క సంగతి నాకెరుక లేదు. గని ఎక్కించిన బ్యాగులన్ని మళ్ల దింపి, గంత వానల నా బస్సు కాడికి తెచ్చింది నువ్వే. ఒంటి మీది రెయిన్‌కోటు ఇడిసి ట్రిప్పు ట్రిప్పుకు బ్యాగుల మీద కప్పినవ్. ఒక్కటి తడవలే. తోవల గా కీపర్ అడిగిండు, ఎవరాయన అని. మనిషి యాదికున్నడు గని పేరు తెల్వదని చెప్పిన."

రాజనర్సయ్య దగ్గు ఆగింది. సత్తెమ్మ అడగకుంటనే ఆయన గ్లాసు నింపింది. విజయేందర్ తల దించుకొని మెల్లగ తాగిండు. చాయ్ మంచిగున్నది. ఆ రెయిన్‌కోటు ముచ్చట ఇన్ని దినాలల్ల ఆయన ఎవ్వరికి చెప్పలే. అది చెప్పుకునేటంత పెద్ద పనని ఆయనకు తోచనే లేదు.