మనింట తిన్న మనిషి

ఆ ఉదయం పరవాడ వైపు ఆకాశం బూడిద రంగుకి తిరిగి ఉంది. ఇంటి ముందు వల బాగుచేసుకుంటున్న దాలయ్య దగ్గరికి బావమరిది ఎల్లాజీ ఒక కాగితం పట్టుకుని వచ్చాడు. లోపల దాలయ్య భార్య అప్పాయమ్మ వంట చేస్తోంది.

"సంతకం ఎట్టనన్నాను కదేటి, ఎల్లాజీ. నా కొడుకు ఆడి జట్టులో ఆడడు."

"సాయిశంకర్ గారంటే ఇప్పుడేటనుకున్నావు, బావా? కబడ్డీ జట్టు కొన్నారు. మన వీరేంద్రని ఆయనే ఏరుకున్నారు. పదిహేడేళ్ల గుంటడు కదా, ఇంట్లో పెద్దోల సంతకం ఉండాల. అంతే."

"ఫైనాన్సు బోర్డు తిప్పీసినోడు కాదేటి ఆడు?"

"అది కంపెనీ, బావా. ఆయన కాదు. కోర్టే సెప్పింది."

"థూ! కంపెనీ వొచ్చి నా పీట మీద కూకుందా? కంపెనీ కోనాం చేప పులుసు రెండుసార్లు ఏయించుకుందా?"

"పాత మాటలు ఇప్పుడెందుకు..."

"మన కంచంలో తిన్నోడు మోసం సేయడనీసి గుమ్మం గుమ్మం తిరిగి సెప్పినాను కదరా! పడవకని దాసుకున్నోలు కూడా ఆడి ఫైనాన్సులో కట్టీసినారు. ఆ ఏడే ఆడు సినిమా తీసినాడు."

"హిట్టయింది కదా మరి."

"సూసినాను. మంచుకొండల మీద ఈరోయిన్ గెంతులు. పక్క సీట్లో, పడవ డబ్బులు కట్టీసిన జగ్గారావు నా సెయ్యట్టుకుని, 'అదిగో దాలయ్యా, నా పడవ' అన్నాడు."

"హహ! బాగానే అన్నాడు."

"నవ్వకు. అప్పుడు డబ్బులట్టుకెల్లాడు. ఇప్పుడు గుంటడి మోకాళ్లు కావాలేటి? ఇరిగితే ఎవుడు సూత్తాడు?"

"ఇన్సూరెన్సుంది, బావా."

"ఎవుడి కంపెనీ?"

"ఆయనదే."

"ఛీ! లెగు. ఆ కాయితం అట్టుకుని ఎల్లిపో. నాను ఎట్టను."

"నువ్వెట్టకపోయినా పర్లేదు, బావా. పెద్దోల్లో ఒకరెడితే సాలు. నీకూ సెప్పాలి కదాని..."

"ఏటి?"

"కాయితం కింద సూడు. అక్కా, నువ్వే సెప్పు."

"నానెట్టాను, మావా."

"నువ్వా, అప్పాయమ్మా? ఆడెలాటోడో తెలిసీనా?"

"తెలిసే ఎట్టాను. పేటోలు ఉమ్మేది ఆడి మొకం మీద కాదు, మావా. కొళాయి కాడ నా బిందె పక్కకి తోసీడంతో పోతాదిలే అనుకున్నాను. ఇప్పుడు గుంటణ్ణి ఏ పడవా ఎక్కించుకోడం లేదు. దాలయ్య కొడుకనీసి."

"గుంటడేడి?"

"పొద్దున్నే జట్టు కాడికి రైలెక్కించీసాను. ఈపాటికి ఎలమంచిలి దాటుంటాది. లెగండి, సేతులు కడుక్కోండి."

దాలయ్య వల పక్కన పెట్టి చేతులు కడుక్కున్నాడు. ముగ్గురూ తిన్నారు.