కోడల్ని పిలిచే మాట

బళ్లారి మైసూరు రాష్ట్రంలో కలిసిన ఏడాది. బ్రూస్‌పేటలో బట్టలంగడి పాండురంగయ్య భార్య పద్మావతమ్మ బియ్యం చెరుగుతా కోడల్ని కేకేసింది.

“ఏ ముండా, చింతపండు నానబెట్టినావా?”

కోడలు గడప దాకా వచ్చింది. “నానబెట్నా అత్తా. ముండంటే ఏంది?”

“ఏముండాది, సుమ్మనే, ఊరికే అంతా అనే మాట. మా అత్త నన్ననలేదా?”

“మొగుడు పోయినదాన్ని గదా అట్లంటారు. నువ్వు నన్ను దినామూ అంటాంటే పోయేదెవరు? అంగట్లో కూర్చున్న నీ కొడుకే గదా?”

పద్మావతమ్మ చేతిలో చాట ఆగిపోయింది. నాలుగేండ్లుగా కన్నకొడుకును ఎన్నిసార్లు నోటితో చంపుకొందో లెక్కబెట్టబోయి చెంపలేసుకొంది.

“ముందే చెప్పకుంటే ఎట్లనే ము...” అని నాలుక కరుచుకొంది. “మరేమని పిల్చేది?”

“నాకు పేరుండాది గదత్తా.”

“అంత పొడుగు పేరు పలికేలోగా పాలు పొంగిపోతాయి.”

కోడలు నవ్వి లోపలికి పోయింది. కాసేపటికి పద్మావతమ్మ గొంతు సవరించుకొని, బడిలో పద్యం అప్పజెప్పినట్టు పిలిచింది.

“పంకజాక్షీ.”

జవాబు లేదు. మళ్లా పిలిచినా లేదు. లేచి వంటింట్లోకి పోయి చూస్తే కోడలు నింపాదిగా పప్పు ఎనుపుతాంది.

“ఇన్నిసార్లు పిలుస్తాంటే పలకవేమే?”

“నన్నా అత్తా? పెండ్లయినప్పట్నుంచి ఈ ఇంట్లో ఆ పేరు వినలేదు. పక్కింటికెవరో వచ్చినారనుకొన్యా.”